మన సీమ నీళ్ళ చరిత్ర – మన ఊళ్ళ రేపటి దినం



ఈ ఏటి సావనీరుకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఉదయగిరి కోటను గురించి నవాబులూ తుపాకులూ కలిపి నాలుగు పేజీలు వ్రాసి ఇద్దామనుకున్నాము. అంతలో మన సర్వసభ్య సమావేశం ముందు షాదీఖానా స్థలం విషయం మళ్ళీ రాబోతున్నదని తెలిసింది. అందుచేత రాజుల చరిత్రను కొంచెం పక్కకు జరిపి నీళ్ళ చరిత్ర వ్రాస్తున్నాము. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని తొందరపడి పేజీ తిప్పేయవద్దని మనవి. చివరిదాకా చదివితే సంబంధం తెలుస్తుంది.

మన సీమ స్వభావం

నెల్లూరు జిల్లా అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది పచ్చని వరిమడి, మొలగొలుకులు, పెన్న కాలువలు. అది తూర్పు నెల్లూరు. మనది పడమటి నెల్లూరు. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు – ఈ మండలాల పేర్లు చెబితే కాలువ గుర్తుకు రాదు, బోరు గుర్తుకు వస్తుంది. పడమట వెలిగొండల వరుస కడప జిల్లాకూ మనకూ మధ్య గోడలాగా నిలబడి యున్నది. ఆ కొండల్లో పుట్టిన వాగులు వాన పడితే ఒక్క రాత్రిలో ఉరుకులు పరుగులుగా వచ్చి, మర్నాటికి ఇసుక మిగిల్చి పోతాయి. ఆత్మకూరు దగ్గరికి వస్తే పెన్న ఉన్నది గనుక కొంత నయం.

మన జిల్లాకు సంవత్సరపు వానలో సగం పైగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వల్లనే పడుతుంది. అందులోనూ ఎక్కువ భాగం వాయుగుండాల రూపంలో వస్తుంది. అంటే మనకు వాన అనేది నెలల తరబడి మెల్లగా వచ్చే చుట్టం కాదు. నాలుగు రోజులు వచ్చి ఇల్లంతా తలకిందులు చేసి వెళ్ళే చుట్టం. ఆ నాలుగు రోజుల నీటిని పట్టుకుంటే ఏడాది గడుస్తుంది. వదిలేస్తే ఆ నీళ్ళే మన గోడలు కూల్చి సముద్రంలో కలుస్తాయి. మన పూర్వీకులు ఈ ఒక్క సంగతిని బాగా అర్థం చేసుకున్నారు. మన సీమ చరిత్ర అంతా ఈ నాలుగు రోజుల నీటి చుట్టే తిరిగింది అంటే అతిశయోక్తి కాదు.

దుర్గం మీది కోనేళ్ళు

ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నది. పూర్వం పదమూడు కోటలు ఉండేవట – కొండ మీద ఎనిమిది, కింద అయిదు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. 1514లో గానీ అది లొంగలేదు. దాదాపు ఏడాదిన్నర పట్టింది. విజయానికి గుర్తుగా ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకుపోయి 1515లో హంపీలో ప్రతిష్ఠించాడు.

మేము ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాము. ఏడాదిన్నర కొండ మీద ఉన్న సైన్యం ఏమి తాగి బతికింది? పిల్లలు మొదట "గోడలు గట్టివి సార్" అంటారు. గోడలు గట్టివే గానీ గోడల్ని తాగలేము కదా! కొండ ఎక్కిన వారికి జవాబు కనబడుతుంది. రాతిని తొలిచిన కోనేళ్ళు, గుంటలు, వాననీరు వాటిలోకి జారేటట్లు చూసుకున్న వాలు. పైన ఏరూ లేదు, కాలువా లేదు. ఆకాశం ఇచ్చినదే. ఆ కోటను కాపాడిన వాటిలో ఫిరంగి కంటే కోనేరు ముందు వరుసలో ఉన్నది.

తరువాత పదిహేడవ శతాబ్దంలో దుర్గం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. కొండ మీది పెద్ద మసీదు, చిన్న మసీదు ఈనాటికీ చూడవచ్చు. ఏ రాజు వచ్చినా, ఏ జెండా ఎగిరినా, పైన ఉన్నవాళ్ళంతా ఆ వాననీళ్ళే తాగారు. వుజూకూ అవే, పూజకూ అవే, గుర్రాలకూ అవే.

ఉదయగిరి పాలకుడు వేయించిన శాసనం

ఇప్పుడు మన సీమకు గర్వకారణమైన ఒక సంగతి చెప్పాలి. చాలామందికి తెలియదు. మా విద్యార్థులకే కాదు, చదువుకున్న పెద్దలకు కూడా చెబితే ఆశ్చర్యపోతారు.

విజయనగర రాజ్యం మొదటి రోజుల్లో ఉదయగిరి ఒక పెద్ద రాష్ట్రానికి ముఖ్యపట్టణం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, అతనికే భవదూర అని పేరు, ఇక్కడ నుండి పరిపాలించాడు. అతడు వెలిగొండలకు అవతల, ఇప్పటి కడప జిల్లా పోరుమామిళ్ళలో, అనంతరాజసాగరం అనే పెద్ద చెరువు కట్టించి 1369లో సంస్కృతంలో ఒక శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని అని అందులో లెక్క వ్రాయించాడు. ఆ చెరువు ఇప్పటికీ ఉన్నది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సేద్యపు కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది.

ఆ శాసనంలో అసలు విశేషం, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు వరుసగా చెప్పడం. వాటిని మా మాటల్లో చెబుతాము. పన్నెండు అంగాలు ఇవి: ధర్మం తెలిసిన కలిగినవాడైన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, దూరం నుండి తియ్యని నీళ్ళు తెచ్చే ఏరు, చెరువుకు ఆనుకొని కొండ, ఆ కొండల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, కట్ట రెండు కొసలు పంటభూమి వైపుకు రాకుండా ఉండటం, వెడల్పూ లోతూ గల గర్భం, పొడవైన రాళ్ళు దొరికే గని దగ్గరలో ఉండటం, కింద చదునైన సారవంతమైన పొలాలు, నీళ్ళు జోరుగా పారే తూముదారులు, పని తెలిసిన మనుషుల గుంపు.

ఆరు దోషాలు ఇంకా ముఖ్యం. కట్ట నుండి నీళ్ళు ఊరడం ఒకటి. చవిటి నేల రెండు. రెండు రాజ్యాల పొలిమేరలో కట్టడం మూడు. చెరువు నడుమ మిట్ట ఉండటం నాలుగు. నీళ్ళు తక్కువై పారవలసిన భూమి ఎక్కువ కావడం అయిదు. చోటు తక్కువై వచ్చే నీళ్ళు ఎక్కువ కావడం ఆరు.

ఈ చివరి రెండూ మళ్ళీ ఒకసారి చదవండి. నీళ్ళు తక్కువ, ఆశ ఎక్కువ – అది కరువు. చోటు తక్కువ, నీళ్ళు ఎక్కువ – అది వరద. ఈనాడు పెద్ద పెద్ద నగరాల ఇంజనీర్లు, పథకాలు వేసే అధికారులు తలపట్టుకుంటున్న రెండు జబ్బులూ ఇవే. ఆరున్నర శతాబ్దాల కిందట ఉదయగిరి నుండి ఏలినవాడు వాటిని రాతి మీద చెక్కించి పెట్టాడు. మూడో దోషం కూడా చిన్నది కాదు. ఇద్దరి పొలిమేరలో ఉన్న నీరు ఇద్దరికీ తగాదా తెస్తుందని అప్పుడే తెలుసు. మన రాష్ట్రాల నీటి తగాదాలు చూస్తే ఆ మాట విలువ తెలుస్తుంది.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఒక ఎత్తు

చెరువు కట్టించినవాడి పేరు శాసనంలో ఉంటుంది. దానిని ఏటేటా బాగుచేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. కానీ చెరువును నిలబెట్టింది వాడే. పూర్వం దశబంధం ఇనాము అని ఉండేది. చెరువు కట్టించినవారికి, దాని మరమ్మతు చూసేవారికి కొంత భూమి గానీ పంటలో భాగం గానీ వదిలేవారు. ఇది గాక కుడిమరామతు అనే కట్టుబాటు ఉండేది. ఊళ్ళో ఆయకట్టు రైతులంతా వానలకు ముందు పార, తట్ట పట్టుకొని వచ్చి, పూడిక తీసి, కట్టకు గండ్లు పూడ్చి, కలుజు బాగుచేసుకోవాలి. నీటిని మడిమడికీ పంచడానికి ఒక మనిషి ఉండేవాడు. ఎగువ రైతు ఎంత పెద్దవాడైనా వాడి మాట వినవలసిందే.

కంపెనీ దొరతనం వచ్చాక ఈ కట్టుబాటు సడలింది. శిస్తు సర్కారుకు పోయింది, బాధ్యత ఎవరిదో తెలియకుండా పోయింది. చివరికి 1858లో మద్రాసు ప్రభుత్వం కుడిమరామతు చేయని వారిపై చర్య తీసుకునేటందుకు చట్టం చేయవలసి వచ్చింది. మనసుతో చేసే పని చట్టంతో చేయించబోతే ఎట్లా ఉంటుందో అట్లాగే అయింది. స్వాతంత్ర్యం వచ్చాక నూరెకరాల లోపు ఆయకట్టు చెరువులు పంచాయతీరాజ్ వారివి, ఆపైవి నీటిపారుదల శాఖవి అన్నారు. ఊరికి మాత్రం "మాది" అనే మాట మరుపున పడింది.

కరువు ఏమి నేర్పింది?

1876 నుండి 1878 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన మహాకరువు మన జిల్లాను కూడా వదలలేదు. రాజధాని మొత్తం మీద లక్షల మంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాతనే ప్రభుత్వం కరువు కమిషన్ వేసి, 1880లలో కరువు నియమావళులు తయారుచేసింది. పెన్న మీద నెల్లూరు ఆనకట్ట 1850లలోనూ, సంగం ఆనకట్ట 1880లలోనూ వచ్చాయి. వీటి వల్ల డెల్టా బాగుపడింది. మెట్ట మాత్రం మెట్టగానే ఉండిపోయింది. ఒకే జిల్లాలో ఒకరికి రెండు పంటలు, ఒకరికి రెండు వలసలు అన్నట్లు తయారైంది.

ఇంకో సంగతి. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. పళ్ళు పసుపెక్కడం, నడుము వంగిపోవడం మన పెద్దలు "ఈ ఊరి నీళ్ళ గుణం" అని సరిపెట్టుకున్నారు. చెరువు నిండి, పైనీరు బావిలోకి ఊరినంతకాలం ఆ బాధ కొంత అదుపులో ఉండేది. చెరువు ఎండి, బోరు లోతుకు పోయే కొద్దీ రాతిలోని ఫ్లోరైడును మనమే పైకి తోడుకున్నాము. మా దాదీమా ఊరిబావి నీళ్ళతో పప్పు ఉడుకుతుందనీ, బోరునీళ్ళతో ఉడకదనీ అనేవారు. మేము నవ్వేవాళ్ళం. ఆమెకు రసాయనశాస్త్రం రాదు గానీ పొయ్యి దగ్గర పరీక్ష రోజూ జరిగేది.

సోమశిల – వరమూ, హెచ్చరికా

పెన్న వెలిగొండల సందులోంచి మన జిల్లాలోకి దిగే చోట సోమశిల జలాశయం 1976లో మొదలై 1989 నాటికి పూర్తయింది. 78 టీఎంసీల నీరు పట్టే ప్రాజెక్టు అది. దాని కోసం కడప జిల్లాలో ఎన్నో పల్లెలు మునిగిపోయాయి. మనం తాగే ప్రతి గ్లాసులో వాళ్ళ ఇంటి గడప మునిగి ఉన్నదని మరచిపోరాదు. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరాక కృష్ణ నీళ్ళు కూడా సోమశిల మీదుగా కండలేరు చేరి మద్రాసు దాహం తీర్చడానికి పోతున్నాయి. ఇంటి ముందు నుంచి పెళ్ళి ఊరేగింపు పోతుంటే అరుగు మీద కూర్చొని చూసినట్లు మన మెట్ట మండలాలవారు చాలాకాలం చూస్తూ ఉండిపోయారు. మన ఎత్తు ప్రాంతాలకు నీరివ్వడానికి సోమశిల హైలెవెల్ కాలువ పథకం వచ్చింది. దాని రెండో దశకు 2020లో శంకుస్థాపన జరిగింది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మొదటి సొరంగం 2021లోనూ, రెండోది 2024లోనూ తవ్వడం పూర్తయింది. ఆ నీళ్ళు ఉదయగిరి పొలాలు తడిపే రోజును అల్లా త్వరగా చూపించుగాక.

అయితే 2021 నవంబరు ఇంకో పాఠం చెప్పింది. ఆ నెల 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. దిగువ పల్లెలు తెల్లవారేసరికి కొట్టుకుపోయాయి. ఆ నీళ్ళన్నీ పెన్నలో కలిసి సోమశిల మీదికి వచ్చాయి. సోమశిల గేట్లు ఎత్తక తప్పలేదు. డ్యాము కింది రక్షణ కట్టడాలు దెబ్బతిన్నాయి. నెల్లూరులో పెన్న ఒడ్డు కాలనీలు మునిగాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కోసుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. అంతకు మూడేళ్ళ ముందు, 2018లో, ఈశాన్య వానలు మొహం చాటేసి బత్తాయి తోటలకు ట్యాంకర్లతో నీళ్ళు తోలిన సీమ ఇదే. మూడేళ్ళలో శాసనంలోని అయిదో దోషం, ఆరో దోషం రెండూ మనకు చూపించి పోయాయి.

హైదరాబాదు ఒకసారి నేర్చుకున్నది

వరద తరువాత ఊరిని ఎట్లా తీర్చిదిద్దుకోవాలో తెలుగుదేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఊరి చుట్టూ గోడ కట్టమని చెప్పలేదు. నీళ్ళు ఊళ్ళోకి రాకముందే ఎగువన ఆపమన్నాడు. ఆ సలహా మీద మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడి ఇరుకు బస్తీలు విప్పింది, రోడ్లు వెడల్పు చేసింది.

ఒక్క పనితో వరద తగ్గింది, తాగునీరు వచ్చింది. తెలివైన పథకం అంటే అది. కానీ అదే నగరం తరువాతి కాలంలో తన చెరువుల్లో, నాలాల్లో ఇళ్ళు కట్టుకున్నది. 2020 అక్టోబరు వానలకు చెరువులు తెగి కాలనీలు మునిగాయి. అంటే పాఠం నేర్చుకోవడమే కాదు, దానిని తరువాతి తరానికి అప్పజెప్పడం కూడా ముఖ్యం. మా ఉపాధ్యాయ వృత్తిలో కూడా ఇదే కష్టం.

వాతావరణం మారుతున్నది

కరువులు, వరదలు ఎప్పుడూ ఉన్నవే, ఇప్పుడు కొత్తగా ఏముందని కొందరు పెద్దలు అంటారు. వారి మాటలో సగం నిజం ఉన్నది. మిగతా సగం చెబుతాము. బొగ్గు, పెట్రోలు మండించిన పొగ వల్ల భూమి సగటు వేడి నూట యాభై ఏళ్ళ కిందటి కంటే ఒక డిగ్రీకి పైగా పెరిగింది. 2024 సంవత్సరంలో ఆ పెరుగుదల ఒకటిన్నర డిగ్రీ దాటిందని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క కట్టింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. వేడెక్కిన గాలి నేలను త్వరగా ఎండబెడుతుంది, కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. అందుచేత ఒకే గాలి కరువునూ తెస్తుంది, వరదనూ తెస్తుంది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు.

ఎండ సంగతి చెప్పనే అక్కరలేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలిపనికి పోయినవాళ్ళు, ముసలివాళ్ళు. 2013లోనే అహమ్మదాబాదు నగరం ఎండల ప్రణాళిక అని ఒకటి వేసుకుని, ముందుగా హెచ్చరికలు, చల్లని నీడలు, ఆసుపత్రుల్లో ఏర్పాట్లు చేసుకున్నది. ఆ ప్రణాళికలో మంత్రం ఏమీ లేదు. ఎవరు ఏ రోజు ఏ పని చేయాలో ముందే వ్రాసి పెట్టుకోవడం, అంతే.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతిపని మీద కూడా దీని దెబ్బ ఉన్నది. ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా పేరు వచ్చింది. ఆ నర్ది, బిక్కి, కల్ది చెక్క దుర్గం అడవిలోదే. అడవి ఎండితే, అడవి కాలితే, ఆ గరిటె కూడా ఎండిపోతుంది. గరిటె ఎండితే దానితో వచ్చే కూడు కూడా.

మన ఊళ్ళు ఎట్లా ఉండాలి?

ఆత్మకూరు ఇప్పుడు మున్సిపాలిటీ. ఉదయగిరి, వింజమూరు కూడా పెరుగుతున్నాయి. కువైట్ నుండి పంపిన డబ్బుతో మన పిల్లలు ఇళ్ళ స్థలాలు కొంటున్నారు. మంచిదే. కానీ స్థలం కొనేటప్పుడు తూర్పు వాకిలా, ఉత్తరం వాకిలా అని చూస్తున్నాము, రోడ్డు ఎంత వెడల్పు అని చూస్తున్నాము, నీళ్ళ వాకిలి ఎటు ఉన్నదో మాత్రం చూడటం లేదు. వేసవిలో ఎండిన వాగు చూసి "ఇందులో నీళ్ళు ఎప్పుడు వచ్చాయి లెండి" అని అమ్మేవాడు అంటాడు, కొనేవాడు తల ఊపుతాడు. వాగుకు మాత్రం తన దారి గుర్తే. ఇరవై ఏళ్ళ తరువాత వచ్చినా నేరుగా ఇంటికే వస్తుంది.

చట్టాలు లేకపోలేదు. 2001లోనే సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు ఇళ్ళ స్థలాలుగా పంచరాదని తీర్పు చెప్పింది. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఒక బోరు పక్కన ఇంకో బోరు ఇష్టం వచ్చినట్లు వేయకూడదని దాని ఉద్దేశం. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనల్లో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు నీటిహద్దు నుండి 30 మీటర్లు, చిన్న కుంటలు, వాగుల నుండి 9 మీటర్లు వదలాలని పెట్టారు. చట్టం పుస్తకంలో ఉన్నది. చెరువు హద్దురాయి మాత్రం ఎవరి గోడ కిందనో ఉన్నది.

ఇప్పుడు మా తప్పు ఒప్పుకోవాలి. షాదీఖానా కోసం కొన్నేళ్ళ కిందట ఊరి బయట ఒక స్థలం చూశాము. ధర తక్కువ. బయానా ఇవ్వాలా వద్దా అని సమావేశంలో అడిగినప్పుడు చేతులెత్తిన వారిలో మేమూ ఉన్నాము. ఒక్క ముసలాయన, బడికి పోనివాడు, మూలన కూర్చున్నవాడు లేచి "బేటా, అది చెరువుకు నీళ్ళు వచ్చే దారి" అన్నాడు. ఎవరమూ వినిపించుకోలేదు. ఆయన మాట మినిట్స్ పుస్తకంలోకి కూడా ఎక్కలేదు. 2021 నవంబరులో వాన వెలిసిన మర్నాడు మేము వెళ్ళి చూశాము. ఆ స్థలంలో నడుము లోతు నీళ్ళు. మేము నాటిన హద్దు కర్రలు కనబడలేదు. అక్కడ పెళ్ళి జరుగుతూ ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ముసలాయన అప్పటికి మన మధ్య లేడు. క్షమాపణ చెప్పుకోవడానికి కూడా మాకు అవకాశం లేకుండా పోయింది.

చరిత్ర చదువుకున్న మేము శాసనంలోని ఆరో దోషం పిల్లలకు అప్పజెప్పించాము గానీ, మన కళ్ళ ముందు స్థలం మీద చదవలేకపోయాము. చదువు వేరు, బుద్ధి వేరు అని ఆ రోజు తెలిసింది.

మనం చేయగలిగినవి

ఆనకట్టలు ప్రభుత్వం కట్టాలి. మన సొసైటీ స్థాయిలో చేయగలిగినవి కొన్ని ఉన్నవి. సభ్యుల ఆలోచన కోసం మనవి చేస్తున్నాము.

మొదటిది, ఆ స్థలంలో షాదీఖానా కట్టే ఆలోచన మానుకోవాలి. బయానా డబ్బు కొంత పోయినా సరే. మెట్ట మీద చిన్నదైనా వేరే స్థలం చూడాలి. ఇక మీదట స్థలం చూసేటప్పుడు గ్రామ పటం, చెరువు హద్దు, వాగు దారి మూడూ చూసి, ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళనైనా అడిగి, వాళ్ళ మాట మినిట్స్‌లో వ్రాయాలి.

రెండోది, మసీదు, మదరసా, బడి డాబాల మీద పడిన వానను నేలలోకి దింపాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్ల నీళ్ళు. లెక్క కావలసినవారు మా ఎనిమిదో తరగతి పిల్లల్ని అడగవచ్చు. ఆ నీరు ఇప్పుడు వీధిలోకి పోయి బురద చేస్తున్నది. ఒక ఇంకుడు గుంట తవ్వితే మన బావికే వస్తుంది. ప్రవహించే ఏటి ఒడ్డున ఉన్నా వుజూకు నీళ్ళు దుబారా చేయరాదని మనకు చిన్ననాటి నుండి నేర్పిన ధర్మం. వుజూ చేసిన నీళ్ళు మురుగు కాలువలో కలపకుండా నాలుగు వేపచెట్లకు మళ్ళిస్తే ఈద్గాహ్‌కు నీడ వస్తుంది. కబరస్థాన్ చుట్టూ చెట్లు నాటితే గోడ కూడా నిలుస్తుంది.

మూడోది, వేసవి మూడు నెలలు ఎండ వేళ బస్టాండు దగ్గర, సంత దగ్గర మన తరఫున చలివేంద్రం, నీడ పందిరి పెట్టాలి. ఏ.ఎస్.పేట దర్గాకు వచ్చే యాత్రికులు అన్ని మతాలవారూ ఉన్నారు. పద్దెనిమిదవ శతాబ్దంలో హజ్రత్ రహమతుల్లా నాయబ్ రసూల్ వారు స్థిరపడిన ఆ చోటికి వచ్చేవారు ఈనాటికీ మొదట అడిగేది నీళ్ళే. దాహానికి మతం లేదు.

నాలుగోది, ఏటా వానలకు ముందు ఒక శుక్రవారం జుమా తరువాత ఊరి చెరువు కలుజు, కాలువ చూసి రావాలి. అన్ని వర్గాల రైతులతో కలిసి పోవాలి. ముళ్ళచెట్లు కొట్టగలిగితే కొట్టాలి, లేకపోతే అర్జీ ఇవ్వాలి. దీనికి పాత పేరు కుడిమరామతు. కొత్త పేరు ఏదైనా పెట్టుకోవచ్చు.

ముగింపు

వాన లేకపోతే మనమంతా ఈద్గాహ్‌కు పోయి ఇస్తిస్కా నమాజు చదువుతాము. కళ్ళనీళ్ళతో అడుగుతాము. ఆయన దయతలచి పంపిన నీటిని దాచుకోవడానికి గిన్నె లేకుండా, ఉన్న గిన్నెలో ఇల్లు కట్టుకొని అడగడం ఎంత మర్యాదో మనమే ఆలోచించుకోవాలి. చేతులు చాచేముందు చెరువు పూడిక తీసి ఉంటే ఆ చేతులకు కొంచెం అర్హత వస్తుందేమో.

భాస్కరుడి చెరువు ఆరు వందల యాభై ఏళ్ళు దాటి నిలిచింది. మన షాదీఖానా అన్నాళ్ళు నిలవకపోయినా, మన మనుమలు అందులో కాళ్ళు తడవకుండా దావత్ తిని, "దీనిని కట్టినవాళ్ళు చోటు చూసి కట్టారు" అనుకుంటే చాలు. ఈ విషయం సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు సభ్యులంతా హాజరై, ఈసారి మూలన కూర్చున్నవారి మాట కూడా విని, చేయి ఎత్తవలసిందిగా ప్రార్థన. మేము మాత్రం ఈసారి ఆ ముసలాయన పక్షాన చేయి ఎత్తుతాము.

అల్లా మనకు సరైన బుద్ధినీ, సమయానికి వాననూ ప్రసాదించుగాక. ఆమీన్.